సావధాన్ చెప్పడం నేర్చుకున్న ఏడు

మా ఇంట్లో గొంతు పెంచే అధికారం రేడియోకి ఒక్కదానికే ఉండేది. నాన్న సచివాలయంలో గుమాస్తా. రాజధాని కర్నూలు నుంచి హైదరాబాదుకి మారినప్పుడు బీరువాలతోపాటు ఆయన్ని కూడా మార్చారు. అప్పటినుంచీ చిక్కడపల్లిలో ఒక మేడ మీది వాటాలో అద్దెకుంటున్నాం. నాన్న ఎవరితో మాట్లాడినా, ఆఖరికి పాలవాడితో మాట్లాడినా, పై అధికారికి విన్నవించుకుంటున్నట్టే ఉండేది. అమ్మ అంతకన్నా తక్కువ మాట్లాడేది. వాళ్లిద్దరికీ పుట్టిన నేను డ్రిల్ టీచరు కావడానికి బయల్దేరాను.

బయల్దేరానంటే చిన్నప్పటినుంచీ కలలు కన్నానని కాదు. కోఠీలో ఆడపిల్లల కాలేజీలో అత్తెసరు మార్కులతో బి.ఏ. గట్టెక్కాను. ఆ మార్కులకి ఇంకే సీటూ ఇస్తామని ఎవరూ అనలేదు. ఆడపిల్లల బడుల్లో వ్యాయామ ఉపాధ్యాయినుల పోస్టులు ఎప్పటినుంచో ఖాళీగా పడి ఉన్నాయని నాన్న ఆఫీసులో ఒకాయన చెప్పాడు. మంజూరైన పోస్టు ఖాళీగా ఉండటం నాన్న దృష్టిలో అపచారం. ఆ సాయంత్రమే దరఖాస్తు తెచ్చి నా చేత సంతకం పెట్టించారు.

చుట్టపుచూపుగా బాపట్ల నుంచి వచ్చిన మా పెద్దత్త, "అంటే ఏం పని చెయ్యాలే?" అని అడిగింది.

"పిల్లల్ని వరసలో నిలబెట్టాలత్తా."

"నిలబెట్టడానికి ఏడాది చదువుతావా?"

కాలేజీలో చేరాక నెల తిరక్కుండానే, ఏడాది కూడా చాలేట్టు లేదని నాకే తెలిసింది.

మా శిక్షణ కాలేజీ నారాయణగూడకీ అశోక్‌నగర్‌కీ మధ్య ఉండేది, ఇంటినుంచి నడిచిపోయేంత దూరం. మగవాళ్లు చాలామంది, ఆడవాళ్లం ఒక జట్టుకి కూడా చాలనంతమందిమి. అందుకని ఖో-ఖో ఆడాలంటే ఇద్దరు మగవాళ్లని అరువు తెచ్చుకునేవాళ్లం. తెల్లచీర కుచ్చిళ్లు పైకి దోపి పొద్దున్నే గ్రౌండులో పరుగెత్తడం, తరవాత ఎముకల పేర్లు, కట్లు కట్టడం, మధ్యాహ్నం ఆరోగ్య విద్య. పిల్లల గోళ్లు, పళ్లు, కళ్లు, తలలో పేలు చూడటం కూడా మా ఉద్యోగంలో భాగమే కాబట్టి, ఒకళ్ల తలలొకళ్లం చూసుకుని రాసుకునేవాళ్లం. నాకు ఇవన్నీ బాగా వచ్చేవి. మోకాలి దగ్గర ఏ ఎముక ఎక్కడ మొదలవుతుందో ఇప్పటికీ చెప్పగలను. ఇంతవరకూ ఎవరూ అడగలేదు.

రానిది ఒక్కటే. ఆజ్ఞ ఇవ్వడం.

మాకు డ్రిల్ నేర్పే సారు మిలిటరీలో చేసి వచ్చినవాడు. ఆయన గ్రౌండు ఆ చివర్న నిలబడి "క్లా...స్, సావ్‌ధాన్!" అంటే మడమలన్నీ ఒక్కసారి చప్పుడయ్యేవి. గోడవతల వెళ్లే సైకిళ్ల వాళ్లు కూడా వీపు నిటారుగా పెట్టుకునేవాళ్లు. అదే మాట నేనంటే వెనకవరస వాళ్లు "ఏమన్నది?" అని ముందువరస వాళ్లని అడిగేవాళ్లు.

"అమ్మాయ్," అన్నాడు సారు ఒకరోజు, "నువ్వు సావధాన్ అంటలేవు. సావధాన్‌గా నిలబడతారా అండీ అని అడుగుతున్నవ్. వాళ్లు ఆలోచించుకొని చెప్తమంటే ఏం చేస్తవ్?"

అందరూ నవ్వారు. నేను కూడా నవ్వి, ఇంటికొచ్చి ఏడ్చాను.

దీనికి తోడు ఆ చదువులో ఒక ఆచారం ఉండేది. మమ్మల్ని నిజం పిల్లల ముందు నిలబెట్టేలోపు మేం మాకే పాఠాలు చెప్పుకోవాలి. ఒకళ్లం టీచరు, మిగతావాళ్లంతా మూడో తరగతి పిల్లలు. మా బ్యాచిలో పాలమూరు వైపు నుంచి వచ్చిన ఒక పెద్దాయన ఉండేవాడు. ఏళ్లతరబడి సర్టిఫికెట్ లేకుండానే బళ్లో డ్రిల్ చెప్పి, ఇప్పుడు సర్టిఫికెట్ తెచ్చుకుంటే తప్ప కుదరదని పంపిస్తే వచ్చాడు. పండిపోయిన మీసాలు, ఇంటి దగ్గర మనవలు. మా అందరిలోకీ మూడో తరగతి పిల్లవాడిగా ఆయనే బాగా చేసేవాడు. వరసలో నిలబడి పక్కవాణ్ని గిల్లేవాడు. సరిగ్గా పాఠం మధ్యలో చిటికెన వేలు పైకెత్తి, "టీచర్, ఒంటికి!" అనేవాడు. అలాంటివాణ్ని అదిలించడం మా పాఠంలో భాగం. నేను మాత్రం, "మీరు వెళ్లి రండి మాస్టారూ," అనేదాన్ని. సారు తలపట్టుకునేవాడు.

ఒకసారి పెద్దాయన పంపు దగ్గర నన్ను ఆపి అడిగాడు. "బిడ్డా, నన్ను జూస్తే నీకు భయమైతదా, గౌరవమైతదా?"

"గౌరవమేనండీ."

"అట్లయితే కష్టమే. భయమైతే ఎన్నడన్న పోతది." మొహం మీద నీళ్లు చల్లుకుని మళ్లీ అన్నాడు. "చూడు, గ్రౌండ్ల నేను నీకు పెద్దమనిషిని కాను. మూడో తరగతి పిల్లగాన్ని. గేటు దాటినంక నీ ఇష్టం, బాబాయి అను, తాత అను."

నాకు కిటుకు చెప్పింది కూడా ఆయనే. అరవడం కాదట. "క్లాస్ అని లాగాలె. లాగి ఆగాలె. ఇగ అంటదా, ఇగ అంటదా అని వాండ్లు ఎదురు చూడాలె. అప్పుడు కొట్టాలె మాట. నీకు గొంతు లేక కాదు బిడ్డా. నువ్వు ఆగుతలేవు. నలుగురు నిన్ను జూస్తుంటె ఆగుడు నీకు సిగ్గు."

ఇది నిజం. మా ఇంట్లో మాట మధ్యలో ఆగితే పక్కవాళ్లు దాన్ని పూర్తి చేసేసేవాళ్లు, పాపం ఇబ్బంది పడుతోందని.

ఆ చదువు సగంలో ఉండగా ఊళ్లో తెలంగాణ గొడవ ముదిరింది. వేరే రాష్ట్రం కావాలని విద్యార్థులు రోడ్డెక్కారు. బడులు, కాలేజీలు మూతపడ్డాయి. ఒకరోజు బందు, ఒకరోజు ఊరేగింపు, ఒకరోజు కర్ఫ్యూ. మా ఉద్యోగాలు కోస్తావాళ్లు పట్టుకుపోయారన్నది వాళ్ల బాధ. నాన్న ఆ విషయం మీద ఏమీ అనేవారు కాదు. ఫైలు తన బల్ల మీదకి ఇంకా రాలేదన్నట్టు ఉండేవారు. మాలాంటి కోస్తావాళ్లు చిక్కడపల్లి మార్కెట్లో కూరగాయలు బేరమాడటం మానేశారు. నోరు తెరిస్తే ఎక్కడివాళ్లమో తెలిసిపోతుంది కదా. అమ్మ వంకాయల వైపు వేలు చూపించి, చెప్పిన ధర ఇచ్చి వచ్చేసేది.

మా కాలేజీ కూడా మూసి, తెరిచి, మళ్లీ మూసి, ఆఖరికి ఒక కబురు పెట్టారు. పాఠం చెప్పే పరీక్ష ఫలానా రోజున జరిపేస్తాం, బయటినుంచి పరీక్షకుడు వస్తాడు, అందులో నెగ్గినవాళ్లు బడులు తెరిచాక నెల్లాళ్లు నిజం పిల్లలకి పాఠాలు చెప్పి సర్టిఫికెట్ తీసుకోవచ్చు, తప్పినవాళ్లు ఇళ్లకి పోవచ్చు. ఎముకలు ఎన్ని తెలిసినా లాభం లేదన్నమాట.

గొంతు సాధన చేసుకోవాలి. ఎక్కడ? అద్దెవాటాలో అరిస్తే కింద ఇంటి ఓనరమ్మ ఉంది. పార్కులో అరిస్తే పిచ్చిదనుకుంటారు. ఒక బందు రోజు మధ్యాహ్నం బజారంతా మూసి ఉంది, వీధిలో పురుగు లేదు. ఇదే అదను అనుకుని డాబా ఎక్కాను. తులసికుండీ, ఆరేసిన ఒడియాలు, అమ్మ రెండు చీరలు. వాటిని క్లాసు అనుకున్నాను. పెద్దాయన చెప్పినట్టు "క్లా...స్" అని లాగాను. ఆగాను. ఒడియాలు ఎదురుచూస్తున్నాయనిపించేదాకా ఆగాను.

"సావ్‌ధాన్!"

ఆ గొంతు ఎవరిదా అని నేనే వెనక్కి తిరిగి చూశాను. అదే సమయంలో కిందనుంచి దబదబమని బూట్ల చప్పుడైంది. పిట్టగోడ మీంచి తొంగి చూస్తే, ఎదురుగా మూసేసిన దుకాణం అరుగు మీద అప్పటిదాకా కునుకు తీస్తున్న రిజర్వు పోలీసులు వరసగా నిటారుగా నిలబడి ఉన్నారు. ఒకతనికి ఒక్క కాలికే బూటు ఉంది. ఎవరూ పక్కకి కూడా చూడటం లేదు. వాళ్లు అక్కడున్నట్టు నాకు నిజంగా తెలియదు.

వాళ్లని అలా వదిలేసి పోవడం మర్యాద కాదనిపించింది. "విశ్రామ్," అన్నాను. కాళ్లు ఎడంగా పెట్టి, చేతులు వెనక్కి కట్టుకున్నారు. అప్పుడు గాని వాళ్లలో పెద్దవాడికి అనుమానం రాలేదు.

హెడ్డు కానిస్టేబులు మెట్లెక్కి వచ్చి తలుపు తట్టాడు. నాన్న బనీను మీద తువ్వాలు కప్పుకుని తీశారు.

"ఆఫీసరు గారు ఇటే వచ్చారా?"

"ఇక్కడ ఆఫీసర్లు ఎవరూ లేరండీ. నేను గుమాస్తాని."

"ఇందాక ఆర్డరు ఇచ్చింది ఎవరు?"

నాన్న వెనకనుంచి, "నేనేనండీ," అన్నాను, నా మామూలు గొంతుతో. అతను నమ్మలేదు. డాబా మీదకి వెళ్లి వెతికి, ఒడియాలు చూసి దిగివచ్చాడు. నా పుస్తకాలు చూపించి, పరీక్ష సంగతి చెప్పుకున్నాక కాసేపు తలగోక్కున్నాడు. "పొద్దున్నుంచి నేను లేవమంటే ఒక్కడు లేవలేదమ్మా," అన్నాడు. బందోబస్తు ఉన్నన్నాళ్లూ డాబా మీద ఇటువంటివి వద్దని చెప్పి వెళ్లాడు. నా గొంతుకి దొరికిన మొదటి ప్రశంస అది. లోపలికి పోయి దుప్పటి నోటికి అడ్డం పెట్టుకుని నవ్వాను. ఆ ఏడాది అంత సంతోషం ఇంకెప్పుడూ కలగలేదు.

నాన్న మాత్రం కుర్చీలో కూలబడ్డారు. "ప్రభుత్వ సిబ్బందికి అనధికారికంగా ఆజ్ఞ జారీ అయింది," అన్నారు అమ్మతో. అమ్మ ఒడియాలు తీసుకురావడానికి పైకి వెళ్లింది.

మర్నాడు ఆయన సెలవు చీటీ రాశారు. గొడవలు సద్దుమణిగేదాకా అందరం బాపట్లలో పెదనాన్నగారింట్లో ఉండాలని నిర్ణయం. అప్పటికే మా వీధిలో రెండు కోస్తా కుటుంబాలు వెళ్లిపోయాయి. కింద ఓనరమ్మకి ఈ సంగతి తెలిసి మెట్ల దగ్గర నాన్నని పట్టుకుంది. ఆమె పుట్టి పెరిగిందంతా చిక్కడపల్లిలోనే.

"ఏంది అన్నా, పోతుర్రంట? ఎవరన్న ఏమన్న అన్నరా?"

"అబ్బే, ఎవరూ అనలేదండీ. అనకముందే..."

"మస్తుగ చెప్పినవ్. మీ పోరి పోలీసోళ్లనే లేపి నిలబెట్టె. మాకే ధైర్యమొచ్చింది. మీరు పోతె మాకెట్ల?"

నాన్న నమస్కారం పెట్టి పైకొచ్చేశారు. సెలవు మంజూరైంది, రైలు టిక్కెట్లు వచ్చాయి. ప్రయాణం సరిగ్గా నా పరీక్ష రోజు సాయంత్రానికి పడింది. నేను ఏడుపు మొహంతో నిలబడితే, "నీ పరీక్ష నువ్వు చూసుకో. తప్పితే ఎలాగూ మాతో వచ్చేస్తావు. నెగ్గితే అప్పుడు చూద్దాం," అన్నారు. ఆయన కాదు అనే మనిషి కాదు, చూద్దాం అనే మనిషి. ఆ రెండూ ఒకటేనని ఇంట్లో అందరికీ తెలుసు. అయినా నాకు ఆ మాటే ఆధారం. ఇప్పుడు వెళ్తే బ్యాచి నన్ను వదిలేసి పోతుంది, ఆ తరవాత బాపట్లలో పెద్దత్త పక్కన కూచుని కందులు బాగుచేయడమే నా ఉద్యోగం.

పరీక్ష రోజున బడులు మూసే ఉన్నాయి. నిజం పిల్లలు లేరు కాబట్టి, పరీక్షలో కూడా మాకు మేమే మూడో తరగతి. బయటినుంచి వచ్చిన పరీక్షకుడు గొడుగు వేసుకుని గ్రౌండు ఆ చివర్న, గోలు కర్రల దగ్గర నిలబడ్డాడు. అక్కడికి వినబడాలి, వినబడ్డట్టు క్లాసు కదలాలి. నా వంతు వచ్చేసరికి ఎండ ఎక్కింది.

క్లాసు అని లాగాను. ఆగాను. అంతమంది మొహాలు నా మొహం మీద ఉన్నాయి. పారిపోవాలనిపించింది, అయినా ఆగాను. సావధాన్ అన్నాను. మడమలు కలిశాయి. ఒకేసారి కాదుగానీ, దాదాపు. విశ్రామ్ బాగానే పోయింది. మళ్లీ సావధాన్. "దాహినే... ముడ్!" అన్నాను. క్లాసంతా కుడివైపు తిరిగింది.

పెద్దాయన ఎడమవైపు తిరిగాడు.

రెండో వరస చివర్న, తన పక్కవాడి ముక్కుకి ముక్కు తగిలేట్టు, మీసాలతో సహా, హాయిగా నిలబడ్డాడు. వరసలో ఎవరో కిసుక్కుమన్నారు. గోలు కర్రల దగ్గర గొడుగు కదిలింది. నాకు ఒళ్లు మండిపోయింది. ఏళ్ల తరబడి పిల్లలకి కుడిఎడమలు నేర్పిన మనిషి నా పరీక్ష రోజే కుడి ఏదో మరిచిపోయాడా? రైలు, బాపట్ల, పెద్దత్త కందుల చేట, అన్నీ ఆ మీసాల వెనక కనబడ్డాయి.

"రెండో వరస చివరి అబ్బాయ్!"

అది గ్రౌండు దాటి నారాయణగూడ రోడ్డు మీదకి వెళ్లిపోయింది. కిసుకిసలు ఆగాయి.

"నువ్వే! అన్నం తినే చెయ్యి ఏది? ఎత్తు!"

పెద్దాయన బిక్కమొహం వేసి కుడిచెయ్యి ఎత్తాడు.

"ఆ చేతి వైపు రెండుసార్లు తిరుగు!"

తిరిగాడు. మడమ ఎంత చక్కగా కొట్టాడంటే అంత చక్కగా ఆ రోజు మళ్లీ ఎవరూ కొట్టలేదు. తండ్రి వయసు దాటిన మనిషిని నువ్వు అన్నానని నాకు తెలిసేసరికి పాఠం అయిపోయింది.

పరీక్షకుడు గొడుగు మూసి సారుతో ఏదో అన్నాడు. సారు నా వైపు చూసి తలూపాడు. నెగ్గానన్నమాట. నేను నేరుగా పెద్దాయన దగ్గరికి వెళ్లాను, క్షమించమని అడగాలో కొట్టాలో తెలియకుండా.

"కావాలనే తిరిగిన బిడ్డా," అన్నాడు, అంగీ చేతులతో చెమట తుడుచుకుంటూ. "తప్పు దిద్దుడుకు వేరే మార్కులున్నయ్ కద. అందరం మంచిగ తిరిగితె నువ్వేం దిద్దుతవ్? వాండ్లకు చెప్పిన, ఒక్కడన్న తప్పుర్రి అని. ఎవ్వడు ముందుకు రాలె, వాండ్ల ఇజ్జత్ పోతదని."

నేను వంగి దణ్ణం పెట్టబోతే వెనక్కి జరిగాడు. "మూడో తరగతోనికి దండమేంది? పో, ఇంట్ల చెప్పు పో."

అశోక్‌నగర్ సందుల్లోంచి పరుగెత్తుకుంటూ వచ్చాను. చిక్కడపల్లిలో మా ఇంటి ముందు రెండు రిక్షాలు నిలబడి ఉన్నాయి. ఒకదాంట్లో అమ్మ, ఒళ్లో దారిలో తినడానికి పులిహోర కట్టిన బుట్ట. ఇంకోదాంట్లో సామాను. తాళ్లు కట్టిన పరుపుచుట్ట, నాన్న తోలుపెట్టె, దాని మీద నా ఆకుపచ్చ రేకుపెట్టె. నేను పరీక్షలో ఉండగానే సర్దేశారు.

"నెగ్గాను నాన్నా," అన్నాను.

"సంతోషం," అన్నారు. నిజంగానే సంతోషపడ్డారు, కళ్లలో కనబడింది. జేబులోంచి గడియారం తీసి చూసుకున్నారు. "మొహం కడుక్కుని రా. నాంపల్లి స్టేషను చేరేసరికి చాలా టైము పడుతుంది."

"చూద్దామన్నారు కదా."

"చూశాను కదమ్మా. పరిస్థితులు అనుకూలంగా లేవు."

పొద్దున గ్రౌండులో అంత దూరం వెళ్లిన గొంతు నాకు మళ్లీ దొరకలేదు. ఎక్కడికి పోయిందో తెలియదు. ఆయన ఎదురుగా ఎప్పటిలాగే తల వంచుకుని నిలబడ్డాను. కళ్లవెంట నీళ్లు వస్తున్నాయి, తుడుచుకోలేదు. ఓనరమ్మ గేటు దగ్గరికొచ్చి చూస్తోంది. రిక్షా అతను బీడీ పారేసి సీటెక్కాడు.

అమ్మ బుట్ట పక్కన పెట్టి రిక్షా దిగింది. ఏమైనా మరిచిపోయిందేమో అనుకున్నాం. సామాను రిక్షా దగ్గరికి వెళ్లి, రేకుపెట్టె పిడి పట్టుకుని లాగింది. రాలేదు.

"ఇది దింపించండి," అంది నాన్నతో.

"ఎందుకు?"

"అది ఇక్కడే ఉంటుంది, చదువు అయ్యేదాకా."

"ఈ రోజుల్లో ఆడపిల్లని ఒంటరిగా ఎలా వదిలేస్తామే?"

"ఒంటరిగా ఎందుకూ? నేనుంటాను." చీర కొంగు సర్దుకుంది. "మీకు సెలవు దొరికింది కదా, మీరు వెళ్లి రండి."

గొంతు ఏమాత్రం పెంచలేదు. గేటు దగ్గరున్న ఓనరమ్మకి కూడా వినబడి ఉండదు. నాన్న అమ్మ వైపు చూశారు, టిక్కెట్ల వైపు చూశారు, రిక్షా అతని వైపు చూశారు. అమ్మ ఇంకేమీ చెప్పలేదు, అలాగే నిలబడింది. చాలాసేపు నిలబడింది. తరవాత నాన్న ముందు నా పెట్టె దింపారు. దాన్ని అరుగు మీద పెట్టి, తిరిగివెళ్లి పరుపుచుట్ట దింపారు. ఆఖరున తన తోలుపెట్టె కూడా దింపారు.

నేను వెక్కివెక్కి ఏడ్చాను, నడివీధిలో. అమ్మ బుట్ట తీసుకుని నా పక్కనుంచి మెట్లెక్కుతూ, ఆ మట్టిబూట్లతో లోపలికి రావద్దంది.